తెరపైని పాఠము, పడకయొద్ది విద్య

2020 మార్చి 25వ తేదీన దేశమంతటను లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినప్పుడు, అంతకు ముందు ఆగస్టులో ఎం.బి.బి.ఎస్. ఆరంభించిన విద్యార్థులకు శవచ్ఛేదనశాలలో ఇంకను చేయి తిరుగలేదు. మొదటి సంవత్సరమునుండియే రోగిని పరిచయము చేయవలెనని, పుస్తకజ్ఞానమునకు తోడు చేతినేర్పును అలవరచవలెనని సంకల్పించిన నూతన పాఠ్యప్రణాళిక వారితోనే మొదలైనది. ఆ తొలి తరమువారికే, ఎనిమిది నెలలైనను నిండకముందే పెట్టె సర్దుకొని యింటికి చేరి, శరీరనిర్మాణశాస్త్రమును అరచేతి ఫోనులో చదువవలసిన గతి పట్టినది.

ఆ యిక్కట్లు అందరికిని సమానములు కావు. వేరు గదియు వైఫైయు గలవానికి పాఠము సాఫీగా సాగినది. పల్లెలో సిగ్నల్ కొరకు డాబా యెక్కి, తమ్ముని బడిపాఠమునకును తన ఫిజియాలజీకిని ఒక్క ఫోనునే పంచుకొన్న అమ్మాయికి అది తెగి తెగి అందినది. అవతల అధ్యాపకుడును, కెమెరాలు ఆపివేసిన నల్లని గడులకు ఉపన్యసించుచు, తన మాట యెవరికి అర్థమైనదో ముఖములు చూచి గ్రహింపలేకపోయెను. అయినను ఈ పద్ధతివలన మేలే లేదనుట అన్యాయము. తెలుగు మాధ్యమమునుండి వచ్చి, తరగతిలో ఆంగ్లోపన్యాస వేగము నందుకొనలేని పిల్లలకు, రికార్డు చేసిన పాఠమును ఆపి మరల వినగలుగుట గొప్ప ఆదరువు. కళాశాలలు తెరచిన పిమ్మటను దానిని నిలుపుకొనవలెనని నా అభిప్రాయము.

కాని వైద్యము వినికిడి మాత్రమున వచ్చు విద్య కాదు. శస్త్రము పట్టదలచిన శిష్యునిచేత ముందుగా గుమ్మడి, సొర, దోస వంటి కాయలపై కోతలు సాధన చేయింపుమని సుశ్రుతసంహిత విధించినది. ఎంత శాస్త్రము విన్నను అట్టి అభ్యాసము లేనివాడు చికిత్సకు తగడని తేల్చినది. పెరిగిన ప్లీహపు అంచు రోగి ఊపిరి పీల్చినప్పుడు వ్రేళ్లకు వచ్చి తాకుట, కాలేయముపై వ్రేలితో తట్టినప్పటి మొద్దుధ్వనికిని ఊపిరితిత్తిపై తట్టినప్పటి గుల్లధ్వనికిని గల భేదము, ఇవి చేతికే తెలియవలెను. గుండెలోని మర్మరధ్వనిని రికార్డులో వినిపింపవచ్చును గాని, ఏడ్చుచున్న పసివాని రొమ్ముపై స్టెతస్కోపు నెచ్చట ఆనించిన అది వినబడునో వెదకుకొను నేర్పును రికార్డు ఇయ్యజాలదు. నొప్పితో మూల్గు వృద్ధురాలి కడుపును తాకుటకు ముందు చేతులు వెచ్చచేసికొనవలెనని, “ఎక్కడమ్మా నొప్పి?” అని అడిగి ఆమె ముఖమునే చూచుచు మెల్లగా నొక్కవలెనని, వార్డులో ప్రొఫెసరు వెనుక నిలిచిన విద్యార్థి చూచి నేర్చుకొనును.

ఆసుపత్రి గడపలోనే యున్నవారికిని ఆ విద్య కరవైనది. సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిని 2020లో కోవిడ్ రోగులకే ప్రత్యేకించుట ఆనాటికి అనివార్యమే. అయితే నానావిధ రోగులు రాకపోగా తమ శిక్షణ కుంటుపడుచున్నదని, సాధారణ సేవలు పునరుద్ధరింపుమని అక్కడి జూనియర్ డాక్టర్లు కోరవలసివచ్చినది. 2021 మే నెలలో, రెండవ కెరటపు ఉద్ధృతిలో, స్వల్పలక్షణములు గల రోగులకు ఫోనులో సలహా లిచ్చుటకు చివరి సంవత్సరపు విద్యార్థులను అధ్యాపకుల పర్యవేక్షణలో వినియోగించుకొనవచ్చునని కేంద్రము అనుమతించినది. వారు అంతకు ముందటి సంవత్సరమున వార్డు పోస్టింగులకు నెలల తరబడి దూరమైనవారే.

చైనాలో చదువుచుండిన మన పిల్లలు ఇంకను నలిగిరి. 2020 మార్చి 28 నుండి ఆ దేశము విదేశీయుల రాకను నిలిపివేయగా, విద్యార్థి వీసాలు మరల 2022 ఆగస్టునగాని జారీ కాలేదు. బీజింగ్ గడియారము మనకన్న రెండున్నర గంటలు ముందు. అక్కడి ఎనిమిది గంటల తరగతికి ఇక్కడ తెల్లవారుజామున ఐదున్నరకే కూర్చుండవలెను. 2022 జూన్ 30 నాటికి పట్టా పొందిన చివరి సంవత్సరమువారిని అర్హతపరీక్షకు అనుమతించుచు, జాతీయ వైద్య కమిషన్ వారికి ఒక యేటికి బదులు రెండేండ్ల ఇంటర్న్‌షిప్ విధించినది. ఆ పిల్లలకు అది బరువే; అయినను రోగి క్షేమము దృష్ట్యా లోటును లోటని ఒప్పుకొన్న నిర్ణయ మది.

స్వదేశమున చదివి నేడు డాక్టర్లైనవారి లోటునుగూర్చి యింత నిష్కర్షగా మాటాడుట అరుదు. నాడు ప్లీహమును తడిమి చూడని విద్యార్థి నేడు ఏదో ఒక వార్డులో జూనియరై యుండును. “నాకిది రాదు, చూపించండి” అని అతడు సంకోచము లేక అడుగగల చనువు నిచ్చుట ఆ యూనిట్ పెద్దల చేతిలో నున్నది.