గేటువద్ద రెండవ బండి



బెజవాడనుండి గుడివాడ మీదుగా బందరునకు పోవు రైలుదారి మన కృష్ణా డెల్టా స్త్రీలకు క్రొత్తది కాదు. పెడనలో కలంకారీ అద్దకపు పనికి పోవువారును, గుడ్లవల్లేరు, కవుతరము ప్రాంతములయందు పొలముపనికి పోవువారును, పిల్లలను బడికి చేర్చు తల్లులును, కార్తికమాసమున చిలకలపూడి పాండురంగస్వామి దర్శనమునకు వచ్చువారును రైలు పట్టాలతో పరిచయముగలవారే. చిరకాలము ఇది ఒంటి లైను. ఒక బండి పోయినచో ఇంకొకటి వచ్చుటకు చాలసేపు పట్టునని మన పెద్దలెఱుగుదురు. "బండి పోయినది, పదండి" యనుట ఆనాటికి తగిన మాటయే.

ఇప్పుడా మాట మానవలసి వచ్చినది. 2011-12లో మంజూరైన పథకము ననుసరించి విజయవాడ, గుడివాడ, మచిలీపట్టణము, భీమవరము, నరసాపురము, నిడదవోలు ఊళ్లను కలుపు 221 కిలోమీటర్ల దారికి రెండవ లైనును, విద్యుత్తు తీగను సమకూర్చినారు. ఒక బండి బందరువైపు పోవుచుండగనే ప్రక్క పట్టాలపై మఱియొకటి గుడివాడవైపు రావచ్చును. నేడు గేటువద్ద మన ప్రాణములకు పొంచియున్నది మొదటి బండి కాదు, రెండవది.

ఇందులోని లెక్క కొంచెము చూతము. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి సెకండునకు సుమారు 28 మీటర్లు సాగును. గేటునకు 600 మీటర్ల దూరమున నుండు కూతబోర్డువద్ద డ్రైవరు కూత వేసినచో, ఆ కూతకును బండి రాకకును నడుమ ఉన్న వ్యవధి 22 సెకండ్లు మాత్రమే. రెండు లైనులను పూర్తిగ దాటుటకు సుమారు 40 అడుగులు నడువవలెననుకొందము. మోకాళ్ల నొప్పులుగల ముసలమ్మకుగాని, చంకన బిడ్డయు చేతిలో సంచియుగల తల్లికిగాని అందుకు 15 సెకండ్లకు తక్కువ పట్టదు. పైగా పెద్ద ఎక్స్‌ప్రెస్ బండి పొడవు సుమారు అరకిలోమీటరు. అది పోవునంతసేపు ఆవలి పట్టాలు కనబడవు. దాని రొదలో రెండవదాని కూత వినబడదు. డ్రైవరు మనలను చూచి బ్రేకు వేసినను, అంతటి బండి ఆగుటకు కిలోమీటరు దూరము పట్టవచ్చును. ప్రక్కకు తప్పుకొనుటకు దానికి దారి లేదు.

ఈ రెండవ బండి ఎంత ఘోరము చేయగలదో మన ఆంధ్రదేశమే చూచినది. 2013 నవంబరు 2న విజయనగరం జిల్లా గొట్లాంవద్ద, బండిలో నిప్పు పుట్టినదను పుకారు విని ప్రయాణికులు క్రిందికి దుమికిరి. ప్రక్క లైనుపై వచ్చుచున్న ప్యాసింజరు బండి వారిపైకి వచ్చి పలువురి ప్రాణములు గొన్నది. ఇంగ్లండులో ఎల్సెన్‌హామ్ అను చిన్న స్టేషనువద్ద 2005 డిసెంబరు 3న పదమూడు, పదునాలుగేండ్ల బాలికలిద్దరు తామెక్కవలసిన బండి వచ్చుచున్నదను తొందరలో పట్టాలపై నడచిరి; వేరొక బండి వారిని బలిగొన్నది. ఎఱ్ఱదీపము వెలుగుచునే యుండెను, హెచ్చరిక మ్రోగుచునే యుండెను. కాని నడచువారి చిన్నగేటునకు తాళముపడు ఏర్పాటు లేదు. ఆ దేశమువారు దీనిని పిల్లల తొందరపాటని త్రోసివేయలేదు. పిదప అచట కాలినడక వంతెన కట్టిరి, చిన్నగేటునకు తాళముపడు ఏర్పాటు చేసిరి. 2012లో న్యాయస్థానము రైలుదారుల సంస్థకు పదిలక్షల పౌండ్ల జరిమానా విధించెను. మనుష్యులు తొందరపడుదురు, పిల్లలు మఱచిపోదురు. ఈ సంగతి ముందే తలచి గేటును కట్టవలెనన్నది అందలి నీతి.

మనదేశమున ఈ దిశగా కొంత పని జరిగినది. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటవద్ద కాపలాలేని గేటున బడిబస్సును రైలు గుద్దగా పసిపిల్లలు పలువురు మరణించిరి. 2019 జనవరి 31 నాటికి దేశములోని బ్రాడ్‌గేజి దారులపై కాపలాలేని గేటులన్నియు తొలగింపబడినవి. అయినను కాపలాదారుడున్నంత మాత్రమున భయము తీరదని 2025 జులై 8న తమిళనాడులో కడలూరువద్ద సెమ్మంకుప్పము దుర్ఘటన తెలిపినది. అచటి గేటునకు కాపలా యున్నది, సిగ్నలుతో ముడి లేదు. బడివ్యానులోని పిల్లలు ముగ్గురు చనిపోయిరి.

ఈ ముడినే ఇంటర్‌లాకింగు అందురు. అది గల గేటు మూసి తాళము పడినగాని బండికి సిగ్నలు రాదు. సిగ్నలిచ్చిన పిదప బండి దాటిపోవు వఱకు గేటు తెఱచుటకు వీలుపడదు. మొదటి బండి పోయినను గేటు లేవనిచో మనము కాపలాదారుని సోమరియని తిట్టుదుము. అతడు సోమరి కాడు. రెండవ బండికి సిగ్నలు ఇచ్చియుండవచ్చును. లేవని గేటే మనకు వార్త చెప్పుచున్నది. దానిక్రింద దూరుట ఆ వార్తను వినమని చెవులు మూసికొనుట. మూసిన గేటును తెఱచుట 1989 నాటి రైల్వే చట్టము 160వ సెక్షను క్రింద మూడేండ్ల వఱకు శిక్షింపదగిన నేరము కూడను.

అయితే తప్పంతయు నడచువారిదని చెప్పుట న్యాయము కాదు. మన గేటులను ఎక్కువగ బండ్లను తలచి కట్టినారు; కాలినడకవారిని తలచినది తక్కువ. లారీని ఆపు కమ్మి మనిషిని ఆపదు. కొన్ని దేశములలో నడచువారికి వేఱుగ సన్నని దారినిచ్చి, దానిని మెలికలు త్రిప్పుదురు. ఆ మెలికలో తిరుగునప్పుడు మనిషి ముఖము తప్పక బండి వచ్చు దిక్కునకు మరలును. జపానులో పలు గేటులవద్ద ఏ దిక్కునుండి బండి వచ్చుచున్నదో బాణపుగుర్తు దీపము చూపును; రెండు బాణములు వెలిగినచో రెండు బండ్లని బాలురకైనను తెలియును. పట్టాలపై ఎవరైన చిక్కుకొన్నచో దారినపోవువారెవరైనను నొక్కదగిన మీట యొకటి యుండును. దానిని నొక్కగనే డ్రైవరునకు ప్రమాదపు సంకేతము పోవును. ఇట్టివి గొప్ప ఖర్చుతో కూడిన వింతలు కావు.

మన డెల్టాకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని గలవు. ఇచట నేల పల్లము గనుక పట్టాలు మట్టికట్టపై సాగును. గేటువద్ద రోడ్డు మిట్టయెక్కి దిగును. ధాన్యపు ట్రాక్టరు ఆ మిట్టపై ఆగిపోవుట సులభము. గేటునకు ఇరుప్రక్కల కొంతమేర రోడ్డు సమతలముగ నుండి, పట్టాలను అడ్డముగ నిలువుకోణమున దాటవలెను. పట్టా ప్రక్కనుండు సుమారు రెండంగుళముల సందులో సైకిలు చక్రము, చేతికఱ్ఱ, పిల్లల కాలు చిక్కును గనుక మనమును ఏటవాలుగ దాటకూడదు. పైనున్న తీగలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహించును. గడ్డిబండిపై కూర్చుండి గేటు దాటుటయు, పొడవైన ఇనుప గొట్టములను నిలువుగ పట్టుకొని దాటుటయు చావును కోరి తెచ్చుకొనుటయే.

గేటునకు బదులు క్రిందిదారి కట్టుదుమన్నచో మనము సంతోషించుటకు ముందు ఒక ప్రశ్న వేయవలెను: వాననీరెక్కడికి పోవును? కొన్ని అడుగులు త్రవ్వినంతనే ఊటపట్టు ఈ నేలలో, మురుగుకాలువకు దారియు, పంపును లేని క్రిందిదారి శ్రావణభాద్రపదములలో చెఱువగును. అప్పుడు మనము మరల పట్టాలే ఎక్కుదుము. దానిలో రోడ్డుకంటె ఎత్తైన కాలిబాటయు, రాత్రి దీపములును తప్పనిసరి. పామఱ్ఱునుండి గుడివాడ మీదుగా భీమవరము దిక్కునకు పోవు 165వ జాతీయ రహదారివంటి పెద్ద రోడ్డుపై పైవంతెన మేలైనది. కాని వంతెన కట్టినచో గేటును శాశ్వతముగ మూయుదురు. ఆవలివీధి బియ్యపుకొట్టునకు పోవు ముసలమ్మ దూరపు వంతెన యెక్కునా? ఎక్కదు, పట్టాలే దాటును. అందుచేత వంతెనతోపాటు, గేటున్న చోటనే, నడచువారికి మెట్లును ఏటవాలు బాటయుగల దారి కూడ అడుగవలెను.

దివిసీమలో రైలు లేదు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతముల సోదరీమణులు బండి యెక్కవలెనన్న బందరుకో, కృష్ణ దాటి రేపల్లెకో రావలెను. పట్టాల అలవాటు వారికి తక్కువయైనను ఒక తెలివి వారియొద్ద మెండుగ నున్నది. ఎదురుమొండి దీవులవారు తరతరములుగ పడవ దాటి పెరిగినవారు. ఏటిలో పోటు వచ్చినపుడు పడవవాడు ఆగుమన్న ఆగుదురు. అతనితో వాదింపరు, నీటిలోనికి దిగరు. రైలుగేటును రేవుగ తలచుటకు వారిని చూచి మనము నేర్చుకొనవలెను.

ఇంటియందు మనము చేయదగినది కొద్దియే. మొదటి బండి తోక కనబడిన పిదప నిలిచి, గేటు పూర్తిగ లేచు వఱకు ఆగి, ఇరుదిక్కులు చూచి దాటుట పిల్లలకు నేర్పవలెను. చెవిలో సెల్‌ఫోను పాటతో పట్టాలవద్దకు పోనీయకూడదు. ధనుర్మాసపు మంచులో ఇది మఱింత ముఖ్యము. బడివ్యాను డ్రైవరు గేటువద్ద ఎట్లు నడచుకొనుచున్నాడో పిల్లలనే అడిగి తెలిసికొనవలెను.

ఇంటివెలుపల చేయదగినదియు ఉన్నది. మీ యూరి గేటునకు సిగ్నలుతో ముడి యున్నదా, నడచువారికి దారి యున్నదా, మలుపున తుమ్మపొదలు చూపునకు అడ్డమా, క్రిందిదారిలో పంపు పనిచేయుచున్నదా, ఈ నాలుగు సంగతులు చూచి, పదిమంది చేవ్రాళ్లతో గ్రామసభకును, విజయవాడ రైల్వే డివిజను అధికారులకును అర్జీ వ్రాయుడు. వంతెన పటము గీయువారు లారీల లెక్క తీయుదురు. చంకబిడ్డతో దాటువారెందఱో ఆ లెక్కలో చేర్పవలసినది మనమే.