మన నడతకు ఎవరి పూచీ?

ఉద్యోగం కాయితాల్లో ఒక గడి ఉంటుంది. మిమ్మల్ని ఎరిగిన ఇద్దరు బాధ్యతగల వ్యక్తుల పేర్లు రాయమంటుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికైనవాళ్ళు నింపే అటెస్టేషన్ ఫారంలో ఇది ఉంది. ప్రైవేటు కంపెనీలు దీన్నే రిఫరెన్స్ అంటాయి. అక్కడికొచ్చేసరికి మన పిల్లల కలం ఆగిపోతోంది.

ఎందుకాగుతోంది? బాధ్యతగలవాడు అనగానే మనకు ఊళ్ళో మేడే గుర్తొస్తుంది గనక. కామందు వాకిట్లో చేతులు కట్టుకు నిలబడి 'అయ్యా, తమ పేరు రాసుకోమంటారా' అని అడగాలి. ఆయన రాసుకోమంటాడు. ఆ రోజునుంచి కూలిరేటు అడిగే నోరు, ఓటు మా ఇష్టమనే నోరు మూతపడుతుంది. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. వాళ్ళ మాటకున్న చలామణీ మాత్రం ఈ గడిలో బతికే ఉంది.

తరతరాలుగా వాళ్ళ పొలం దున్నింది మనం. వాళ్ళ ధాన్యం రాశులకు రాత్రిళ్ళు కావలి పడుకున్నది మనం. అప్పుడు ఎవరూ మన నడతకు పూచీ అడగలేదే! కుర్చీలో కూచునే కొలువు అడిగితేనే అనుమానం పుట్టుకొచ్చిందా?

రిఫరెన్స్‌కు కులం లేదంటారు. ఆఫీసుల నిండా తనవాళ్ళున్న కుర్రాడికి అది మేనమామ పేరు. మన కుర్రాడికి అది ఖాళీ గడి. 2005-06లో సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ ప్రైవేటు కంపెనీల పత్రికా ప్రకటనలకు సమానమైన చదువుతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపించారు. దళితుల పేర్లకూ ముస్లింల పేర్లకూ పిలుపులు తక్కువొచ్చాయి. పేరు చూసే పక్కనపెట్టేవాళ్ళు, ఎవరి మాట తెచ్చావో చూసి న్యాయం చేస్తారా?

అందుకని ఇలా చేద్దాం. బాధ్యతగల వ్యక్తి అంటే భూస్వామి అని ఏ ఫారంలోనూ రాసిలేదు. మన వాడలో పుట్టి పంతులమ్మ అయిన అక్క ఉంది. రిటైరైన రైల్వే గ్యాంగ్‌మన్ ఉన్నాడు. నర్సమ్మ ఉంది. వాళ్ళకు ముందే చెప్పి, చిరునామా, ఫోన్ నంబరు సరిచూసుకుని వాళ్ళ పేర్లే రాయండి. ఎక్కడ పనిచేసినా జీతం చీటీలు దాచుకోండి. మానేసేరోజునే పనిచేసినట్టు కాయితం రాయించుకోండి. కార్యకర్తలు మండలానికొకటి చొప్పున, పూచీ పడగల మనవాళ్ళ పట్టీ తయారుచెయ్యాలి.

ఉద్యోగాలొచ్చి పట్నాలు చేరిన అన్నలారా, అక్కలారా! మీరు దాక్కుంటే మీ తమ్ముడు మళ్ళీ కామందు వాకిట్లోకే పోతాడు. మీ సంతకం వాడకు బాకీ.

ప్రైవేటు కొలువుల్లోనూ రిజర్వేషన్ సాధించేదాకా కొట్లాడదాం. ఈలోగా ఒకరికొకరం మనమే పూచీ పడదాం!