మన సంఘం పికప్పుకు టోయింగ్ స్విచ్ కావాలా? మా అభిప్రాయం

ఎప్పటిలాగే పొడుగు పోస్టు. తీరిగ్గా కూర్చుని కాఫీ తాగుతూ చదవండి. మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్లం, తెలుగు రాసేది రిటైరయ్యాక నేర్చుకున్నాం. తప్పులుంటే దిద్ది చదువుకోండి.

పోయిన కమిటీ మీటింగులో మన పిల్లకాయలు ఫోనులో ఒక వీడియో చూపించారు. అమెరికాలో ఎవరో తన పాత పికప్పుకు టోయింగ్ మోడ్ స్విచ్ కొత్తగా బిగించుకుని, వెనక పెద్ద ట్రైలరు తగిలించి కొండ ఎక్కుతున్నాడు. "మన సంఘం బండికీ ఇట్లాంటి స్విచ్ వేసి, వెనక కొక్కెం పెట్టిస్తే జనరేటరు ట్రాలీని మనమే కూనూరుకు లాక్కుని పోవచ్చు గదా, బాడుగ మిగులుతుంది" అన్నారు. సగం మంది సరే అన్నారు. ట్రెజరర్ గారు ఖర్చెంత అని అడిగారు. మమ్మల్ని అడిగితే మేము నోరు మెదపలేదు. కోపం వచ్చి కాదు. ఆ స్విచ్ బిగించేది కళ్లారా చూసినవాళ్లం ఆ హాలులో మేమొక్కరమే. రెండు మాటల్లో అయ్యే సంగతి కాదని ఊరుకున్నాం. ఇప్పుడు చెబుతాం.

మొదట ఆ స్విచ్ ఏం చేస్తుందో చూద్దాం. అమెరికా పికప్పుల్లో జాస్తి బండ్లకు ఆటోమేటిక్ గేరు. ఏ గేరు ఎప్పుడు పడాలో కంప్యూటరు చూసుకుంటుంది. ఖాళీ బండికి పెట్రోలు ఆదా కావాలని త్వరత్వరగా పై గేరులోకి మారేలా దానికి లెక్క రాసి ఉంటుంది. వెనక బరువు తగిలించి ఎత్తు ఎక్కేటప్పుడు ఆ లెక్క పనికిరాదు. నాలుగో గేరు పడుతుంది, బండి లాగలేదు, మూడుకు దిగుతుంది, కాస్త వేగం రాగానే మళ్లీ నాలుగు. ఇట్లా ఊగిసలాడే ప్రతిసారీ లోపల క్లచ్చులు జారి వేడి పుడుతుంది. ఆటోమేటిక్ గేరుబాక్సుకు వేడిని మించిన శత్రువు లేదు. నూనె మాడిపోతుంది, క్లచ్చులు పోతాయి. టోయింగ్ స్విచ్ నొక్కితే కంప్యూటరు వేరే లెక్క తీసుకుంటుంది. కింది గేరును ఎక్కువసేపు పట్టుకుంటుంది, లోపలి నూనె ఒత్తిడి పెంచి గేరు గట్టిగా పడేలా చేస్తుంది. అంతే. ఇంజను బలం ఒక్క గుర్రం కూడా పెరగదు. కంపెనీ ఇంత బరువు లాగొచ్చు అని రాసిన అంకె ఒక్క కిలో కూడా మారదు.

జనరల్ మోటార్స్ వాళ్ల సిల్వరాడోలో 1999 నుంచే ఈ సౌకర్యం వచ్చింది, గేరు లీవరు చివర చిన్న బటన్. ఆ కాలపు ఫోర్డు బండ్లు చాలావాటిలో ఓవర్‌డ్రైవ్‌ను, అంటే ఆఖరి గేరును, ఆపే బటన్ మాత్రం ఉండేది. తక్కువ ధర మోడళ్లు కొన్నింటిలో ఏ బటనూ ఉండదు. అట్లాంటి బండి కొన్నవాళ్లే తరువాత స్విచ్ తెచ్చి బిగించుకుంటారు.

మా అల్లుడు ఆ రకమే. డెన్వరులో ఉంటాడు. పక్కింటి ముసలాయన దగ్గర 2001 మోడల్ పికప్పు కొన్నాడు. కంపెనీ పేరు ఇక్కడ వద్దు. దానికి తోడు చక్రాల మీద చిన్న ఇల్లు లాంటి క్యాంపరు, సుమారు నాలుగు వేల పౌండ్లు. మేమిద్దరం ఆరు నెలలు అక్కడ ఉన్నప్పుడు పిల్లల వేసవి సెలవులకు అది తగిలించుకుని కొండల్లోకి పోయాం. డెన్వరు నుంచి పడమటకు పోయే ఐ-70 రోడ్డు ఐజెన్‌హోవర్ సొరంగం దగ్గర 11 వేల అడుగుల ఎత్తు దాటుతుంది. దాని అవతల దిగుడు 7 శాతం. మా రైల్వే లెక్కలో 14 అడుగులకు ఒక అడుగు దిగుడు. ముంబై పక్కన భోర్ ఘాట్‌లో 37 అడుగులకు ఒక అడుగు ఎత్తు. దానికే రైలు వెనక వేరే బ్యాంకరు ఇంజన్లు పెట్టి తోస్తారు. ఆ బోర్డు చూడగానే మా కడుపులో ఏదో అయ్యింది.

ఎక్కేటప్పుడు పైన చెప్పిన ఊగిసలాటే. దిగేటప్పుడు ఇంకా ఘోరం. అల్లుడి కాలు బ్రేకు మీద నుంచి తియ్యలేదు. కొంచెం సేపటికి కాలిన వాసన. పక్కన బ్రేకులు పోయిన లారీల కోసం కంకర పోసి కట్టిన ఏటవాలు దారి కనిపించింది. "బాబూ, రెండో గేరు వెయ్యి" అన్నాం. "మామా, ఇది ఆటోమేటిక్, గేరు మనం వేసేది కాదు" అన్నాడు. లీవరు మీద డి అక్షరం కింద 3, 2, 1 అని రాసి ఉంది. కొన్న నాటి నుంచి వాటిని తాకలేదంట! ఓరగా ఆపి, అరగంట బ్రేకులు చల్లార్చి, తరువాత లీవరు కిందికి లాగి మెల్లగా దిగాం. వెనక సీటులో మనవడు, మనవరాలు నిద్రపోతున్నారు. వాళ్లకు ఇప్పటికీ ఏమీ తెలియదు.

ఇంటికి రాగానే స్విచ్ పెట్టాలని పట్టుబట్టాడు. బటన్ ఉన్న లీవరు పాత బండ్ల అంగడిలో దొరికింది. స్నేహితుడితో కలిసి ఒక శనివారమంతా కూర్చుని బిగించాడు, వైరు కంప్యూటరు దాకా లాగాడు. నొక్కితే బండిలో ఏ మార్పూ లేదు. ఎందుకంటే ఆ బండి కంప్యూటరులో టోయింగ్ లెక్క వాడుకలో పెట్టి లేదు. తెలిసిన మెకానిక్ దగ్గరికి పోయి ప్రోగ్రామ్ మార్పిస్తేనే పని చేసింది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఆ స్విచ్ అంటే మూడు పనులు: బటన్, వైరు, ప్రోగ్రామ్. మూడోది లేకపోతే బటన్ ఒట్టి అలంకారం. ఇంకా పాత బండ్లలో గేరుబాక్సుకు కంప్యూటరే ఉండదు, నూనె ఒత్తిడితోనే గేర్లు మారతాయి. వాటికి ఈ స్విచ్ అనే మాటే లేదు, లీవరు చేతితో దించుకునేదే.

స్విచ్ మంచిదే. రెండోసారి పోయినప్పుడు ఎక్కుడులో ఆ ఊగిసలాట తగ్గింది, ఇంజను మూడో గేరులో నిలకడగా మోగింది. కానీ మాకు ధైర్యం ఇచ్చింది స్విచ్ కాదు. దానితో పాటు చేయించిన మిగతా పనులు: గేరు నూనె మార్చి అదనంగా ఒక కూలర్ పెట్టించాడు, క్యాంపరు చక్రాలకున్న కరెంటు బ్రేకులు బాగు చేయించి, వాటిని నడిపే పెట్టె డ్రైవరు పక్కన పెట్టుకున్నాడు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు దాటిన ట్రైలరుకు సొంత బ్రేకులు ఉండాలని చట్టం. బండి కొన్నప్పుడు అది ఎవరూ చెప్పలేదు, ఇతనూ అడగలేదు.

ఇంకో సంగతి. కొత్త పికప్పుల్లో టోయింగ్ మోడ్ పెట్టి బ్రేకు తాకితే దిగుడులో బండి తనంతట తానే గేరు తగ్గించుకుంటుంది. ఆ కాలపు చిన్న పికప్పుల్లో చాలావాటికి అది లేదు. స్విచ్ ఎక్కేటప్పుడు మాత్రమే సాయం. దిగేటప్పుడు డ్రైవరే లీవరు దించాలి. ఈ తేడా తెలియకుండా స్విచ్ ఉంది గదా అని ధీమాగా దిగేవాడు, స్విచ్ లేనివాడి కంటే ప్రమాదం. అందుకే మా మాట: పాత బండికి స్విచ్ పెట్టుకోవచ్చు, కానీ అది ఆఖరి పని. ముందు బ్రేకు, తరువాత నూనె, కూలరు, అన్నీ అయ్యాక స్విచ్.

ఇక మన బండి. మనది చేతి గేరు. దాని గేరుబాక్సులో కంప్యూటరు లేదు, స్విచ్ పెట్టే చోటే లేదు. మనకు టోయింగ్ మోడ్ అంటే డ్రైవరు ఎడమ చెయ్యి. ఆ మాట నీలగిరి ఘాట్ రోడ్డులో బోర్డు మీదే రాసి ఉంది: రెండో గేరులో దిగండి అని. రోజూ చూస్తూనే ఉన్నాం, పట్టించుకోము.

మన పిల్లకాయలకు ఇంకొకటి చూపిస్తాం, దానికి అమెరికా పోనక్కరలేదు. మేట్టుపాళయం నుంచి కూనూరు పోయే కొండ రైలు 1899 నుంచి నడుస్తోంది. కల్లారు దాటాక ఎత్తు సుమారు 12 అడుగులకు ఒక అడుగు. పట్టాల నడుమ పళ్ల కడ్డీ ఉంది. ఎక్కేటప్పుడు ఇంజను ముందు ఉండి లాగదు, కింది వైపు నుంచి తోస్తుంది. ప్రతి పెట్టెకూ వేరుగా ఒక బ్రేక్స్‌మన్ నిలబడి ఉంటాడు. ఇంజను ఆపుతుందిలే అని ఏ పెట్టెనూ వదిలిపెట్టలేదు. మనం లాగాలనుకుంటున్న జనరేటరు ట్రాలీకి బ్రేకు ఉందా? లేదు. మేము పోయి చూసి వచ్చాం.

మేము గూడ్స్ క్లర్కుగా పని చేసినవాళ్లం. ప్రతి వ్యాగను మీద ఎంత బరువు ఎక్కించొచ్చో రాసి ఉంటుంది. అయినా వ్యాపారులు వచ్చి "సార్, ఇంకో పది మూటలే" అని బతిమాలేవాళ్లు. వే బ్రిడ్జి మీద తేలితే జరిమానా పడేది, అప్పుడు మమ్మల్నే తిట్టేవాళ్లు. ఆ అంకె వ్యాపారి నష్టం కోసం రాసింది కాదు, కింద ఇరుసు, ముందు బ్రేకు చూసి రాసింది. మన పికప్పు ఆర్.సి.లో కూడా అంకెలు ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం 1988, 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మన ఇష్టానికి మార్చకూడదు. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషను కావాలి. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట అడిగేది ఇవే.

రేపు ఏదైనా జరిగితే అంటున్నాం. నిజానికి ఒకసారి జరిగింది. మూడేళ్ల కింద కూనూరు పెళ్లి నుంచి గిన్నెలు వేసుకుని దిగేటప్పుడు బర్లియార్ దగ్గర మన బండి బ్రేకు మెత్తబడింది. డ్రైవరు తమ్ముడు బుద్ధిమంతుడు కాబట్టి గేరు దించి, మట్టి గట్టుకు ఆనించి ఆపాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదని మీటింగులో ఎవరూ మాట్లాడలేదు, మినిట్స్‌లో రాయలేదు. ఆ రోజు వెనక గిన్నెల మధ్య మన పిల్లలు ఐదుగురు ఉన్నారు. బస్సు చార్జీ మిగులుతుందని ఎక్కించింది మేమే. ఇన్నాళ్లు చెప్పలేదు. ఆ తల్లిదండ్రులు ఈ పోస్టు చదువుతారు, క్షమించండి.

కాబట్టి వచ్చే మీటింగులో మేము పెట్టబోయే తీర్మానం ఇది. జనరేటరు కూనూరులోనే బాడుగకు తీసుకుందాం. కొక్కెం వద్దు, స్విచ్ వద్దు. ఆ డబ్బుతో మన బండికి నాలుగు చక్రాల బ్రేకులు, బ్రేకు ఆయిలు కొత్తవి వేయిద్దాం. సామాన్ల వెనక మనుషులను ఎక్కించకూడదని పుస్తకంలో రాసుకుందాం. బాడుగ జాస్తి అవుతుందని ట్రెజరర్ గారు అంటారు. నిజమే, అవుతుంది. మా వంతుగా ఈ ఏడాది చందాతో పాటు ఇంకో వెయ్యి రూపాయలు ఇస్తాం.

వీడియో చూపించిన పిల్లకాయల మీద మాకు కోపం లేదు. సంఘం ఖర్చు తగ్గించాలని ఆలోచించారు, అంతవరకు మెచ్చుకోవాలి. కానీ ఎవరో లాగాడని మనం లాగేముందు, ఆయన వెనక ట్రైలరుకు బ్రేకు ఉందా అని ఒక్క మాట అడగండి. వీడియోలో ఎక్కేది చూపించారు. దిగేది చూపించలేదు.

మీ అభిప్రాయాలు కింద రాయండి. ఒప్పుకోనివాళ్లు తప్పకుండా రాయండి, మీటింగుకు కూడా రండి.

ఇట్లు,
మీ రిటైర్డ్ గూడ్స్ క్లర్కు