తీర్థమంటే మొదట నీరే

కార్తీకమాసం వచ్చిందంటే మా ఆలయం ముందు కార్లు బారులు తీరుతాయి. ఒకే దినాన ఐదు క్షేత్రాలు, ఏడు క్షేత్రాలు సేవించి రాత్రికి ఇల్లు చేరాలన్నది చాలామంది సంకల్పం. "స్వామీ, అర్చన పది నిమిషాల్లో అవుతుందా? ఇంకా మూడు గుళ్ళున్నాయి" అని అడుగుతారు. గోత్రనామాలు చదివి, హారతి ఇచ్చి, ఉద్ధరిణెతో తీర్థం పోస్తాను. అది అరచేతిలో పడీపడకముందే వారి చూపు వాహనం వైపు మళ్ళుతుంది. వారి భక్తిని శంకించేవాడను కాను. దీనిని యాత్ర అనవచ్చునా అన్నదే నా సందేహం.

తీర్థశబ్దానికి నీటిలోకి దిగే రేవు అని అర్థం. దానిని ఆశ్రయించుకొని క్షేత్రాలు వెలిశాయి. నిత్యసంధ్యలో మార్జనం చేసేటప్పుడు ఉదకాలను బిడ్డలను పోషించే తల్లులుగా భావించి ప్రార్థిస్తాము. తటాక నిర్మాణాన్ని మన పెద్దలు సప్తసంతానాలలో ఒకటిగా లెక్కించారు, పుత్రుడితో సమానమన్నమాట. అటువంటి జలాన్ని కారు అద్దంలోంచి చూసి సాగిపోవడం ఏ విధి?

వాహనమెక్కి చేసిన తీర్థయాత్రకు ఫలం సగమే దక్కుతుందని ధర్మశాస్త్రం చెబుతుంది. గొడుగు, పాదరక్షలు మిగిలిన దానిలోనూ కొంత హరిస్తాయట! "బస్సు మాత్రం వాహనం కాదా?" అని మీరు అడుగుతారు. వాహనమే, కాదనను. అయితే బస్సు మిమ్మల్ని ఊరి మొదట దింపి వెళ్ళిపోతుంది. మిగిలిన దూరం నడవాలి, తిరుగు బస్సు వచ్చేదాకా కూర్చోవాలి. ఆ నడకలో, ఆ నిరీక్షణలో పోయిన ఫలం కొంతైనా తిరిగి వస్తుందని నా నమ్మకం.

మనది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే కరవు పీఠభూమి. నీటి ఒడ్డున ఊళ్ళు మనకెక్కడివి అనుకోకండి. అనంతపురానికి ఆ పేరే ఒక చెరువు వలన వచ్చింది. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364 ప్రాంతంలో పండమేరు వాగుకు అడ్డంగా కట్ట వేయించి, దానికి అటూ ఇటూ బుక్కరాయసముద్రం, అనంతసాగరం అనే గ్రామాలను నిలిపాడని చెబుతారు. వాగుకు కట్టిన చెరువును సముద్రమనీ, సాగరమనీ పిలుచుకున్నారు! వాన కోసం ఎదురుచూసే సీమవారికి తప్ప ఇతరులకు ఆ పేర్లలోని ఆశ అర్థం కాదు.

ఆ చెరువుకట్ట తెగబోయినప్పుడు ఊరిని కాపాడేందుకు గండిలో నిలిచి ప్రాణమర్పించిన ముసలమ్మ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పేరు ముసలమ్మే కాని ఆమె ఒక ఇంటి చిన్నకోడలు. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆ కథనే 'ముసలమ్మ మరణము' అనే కావ్యంగా రచించారు. పుస్తకంలో చదివి కన్నీరు పెట్టినవారు ఉన్నారు. వారిలో ఆ కట్టమీద ఒక సాయంత్రం నడిచినవారెందరు?

పరులను ప్రశ్నించే ముందు నా తప్పు నేను చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రిందట మా అమ్మను బాడుగ కారులో ఒక్కరోజే ఆరు గుళ్ళకు తిప్పాను. బుక్కరాయసముద్రం దాటుతుండగా, "నాయనా, ఆ సంవత్సరం చెరువు నిండి మరువ పారినప్పుడు మీ నాయనతో వచ్చి గంగపూజ చేశాను. కాసేపు దిగి కూర్చుందామా?" అన్నది. పొద్దుపోతున్నది, మళ్ళీ వద్దామన్నాను. ఆమె మారు మాటాడలేదు. మరుసటి కార్తీకానికి ఆమె లేదు. ఆనాడు చూసిన ఆరు గుళ్ళలో రెండింటి పేర్లు ఇప్పుడు నాకే జ్ఞాపకం లేవు.

చెరువు దగ్గర ఒక పూట కూర్చుంటే మరొక ప్రయోజనం ఉంది. నీరు తెచ్చే వంక పూడిపోయిందనీ, కట్టమీద కంపచెట్లు మొలిచాయనీ, తూము శిథిలమైందనీ కంటికి కనబడుతుంది. చూడనివానికి చింత ఎక్కడిది? కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనమొకటి ఉన్నది. మంచి తటాకానికి ఉండవలసిన అంగాలు పన్నెండని, దోషాలు ఆరని అందులో వివరించారు. జలశాస్త్రం తెలిసిన విప్రుడు కూడా ఆ పన్నెండింటిలో ఒకడు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళు శ్రమిస్తే ఆ చెరువు పూర్తయిందట. మా అర్చకులకు ఆ శాస్త్రం ఎప్పుడు దూరమైందో గాని, నేనూ ఆ శాసనం గురించి తెలుసుకున్నది యాభై దాటిన తరువాతే.

సముద్రస్నానం చేయాలన్న కోరిక ఉన్నవారు పౌర్ణమినో అమావాస్యనో ఎంచుకొని, గుంతకల్లు, నంద్యాల, గుంటూరు మీదుగా రైళ్ళలో బాపట్ల చేరవచ్చు. భావనారాయణస్వామిని సేవించి, కొద్ది మైళ్ళలో ఉన్న సూర్యలంక తీరానికి వెళ్ళవచ్చు. రెండు రాత్రులైనా అక్కడ ఉండే వీలుంటేనే బయలుదేరండి.

అంత దూరం పోలేనివారికి మన ఊళ్ళే ఉన్నాయి. కొండల నడుమ శింగనమల చెరువు, పుట్టపర్తి దాపున బుక్కపట్నం చెరువు. ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు ఎక్కండి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్ర మహిళలకు అందులో ఛార్జీ కూడా లేదు. ఇంట్లోని అమ్మమ్మను, నాయనమ్మను "కారులో చోటు చాలదు" అని వదిలి వెళ్ళే అవసరమే లేదు. చద్దిమూట, చెంబు, ఒక చాప చాలు. లోతుకు దిగకుండా ఒడ్డునే కాళ్ళు కడుక్కొని, ఊరి గుడిలో దీపం పెట్టి, పొద్దు గుంకేదాకా కట్టమీద కూర్చోండి. ఆ ఏడు చెరువు ఎండి ఉన్నా సరే, వెళ్ళండి. చివరి బస్సు ఎన్నింటికో మాత్రం దిగేటప్పుడే కండక్టరును అడిగి పెట్టుకోండి.