నలభై అయిదు ఒకట్లు

"టెక్నాలజీకి కులమేంది మాస్టారూ?" అన్నాడు నా మిత్రుడు, టీ గ్లాసు బల్లమీద పెట్టి.

2024 ఆగస్టు 18, ఆదివారం పొద్దున. ఆదివారమొస్తే మేం నలుగురం సెంటర్లో టీకొట్టు దగ్గర కూర్చుంటాం. ఒకాయన బ్యాంకు ఉద్యోగి, ఒకాయన కాంట్రాక్టరు. ఈ అడిగినాయన హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, సెలవలకొచ్చాడు. నేను సర్కారు బళ్ళో లెక్కల మాస్టర్ని. వాళ్ళ ముగ్గురి ఇళ్ళూ ఊళ్ళో. నాది మాదిగపల్లె. చిప్పుల ఫ్యాక్టరీ ఎక్కడొస్తుందో, కృత్రిమ మేధ ఎవరి ఉద్యోగం తింటుందో, ఢిల్లీలో ఎవరికి ఏ పదవి ఇచ్చారో, ఏది మాట్లాడినా సొంత ఇంటి సంగతి మాట్లాడుకున్నట్టే ఉంటది వాళ్ళకి. నేను నోరు తెరిస్తే మాత్రం అది "కులం గొడవ" అయిపోద్ది.

ఆ ముందురోజే యూపీఎస్సీ ప్రకటన వచ్చింది. కేంద్ర ప్రభుత్వంలో 45 పోస్టులు. 10 జాయింట్ సెక్రటరీలు, మిగతా 35 డైరెక్టర్లు, డిప్యూటీ సెక్రటరీలు. లేటరల్ ఎంట్రీ అన్నారు దాన్ని. మా మాటల్లో చెప్పాలంటే పక్కదోవ. రాతపరీక్ష లేదు, ఇంటర్వ్యూ చాలు. మూడేళ్ళ కాంట్రాక్టు, అయిదేళ్ళ దాకా పొడిగించుకోవచ్చు. అందులో సెమీకండక్టర్ల పోస్టు ఉంది, కొత్త టెక్నాలజీల పోస్టు ఉంది. రిజర్వేషన్ మాత్రం లేదు.

ఎందుకు లేదంటే, ఒక్కో పోస్టూ దేనికదే అంట. ఒక్క పోస్టుకి రిజర్వేషన్ వర్తించదంట. నేను లెక్కల మాస్టర్ని గనక నా లెక్క చెప్పాను. 45ని 45గా చూస్తే ఎస్సీలకి 15 శాతం చొప్పున 6 పోస్టులొస్తాయి. ఎస్టీలకి 3, ఓబీసీలకి 12. అదే 45ని 45 ఒకట్లుగా విడగొట్టి రాస్తే మా అందరికీ కలిపి సున్నా. ఒకటికి ఒకటి కలిపితే రెండని మా రెండో తరగతి పిల్లలు చెబుతారు. ఢిల్లీలో ఒకట్లని ఎన్ని రాసినా కూడరు. ఈ దోవ 2018లో తెరిచారు. దీనిగుండా 63 మందిని తీసుకున్నామని 2024లో ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. వాళ్ళూ ఒకటి, ఒకటి, ఒకటి అనుకుంటానే వచ్చారు.

"అనుభవం ఉన్నోళ్ళు కావాలి గదా" అన్నాడు కాంట్రాక్టరు మిత్రుడు. జాయింట్ సెక్రటరీకి 15 ఏళ్ళ అనుభవం అడిగారు, ప్రైవేటు కంపెనీలో పెద్ద హోదాలో చేసినా సరే అన్నారు. ప్రైవేటులో రిజర్వేషన్ ఎక్కడుంది? మమ్మల్ని రానివ్వని చోట సంపాదించిన అనుభవం తెచ్చి, మేం రాగలిగిన ఒక్క చోటునీ మూస్తారా?

"నీకు ఉద్యోగం వచ్చిందిగా, ఇంకా ఏడుపెందుకు?" అన్నాడు బ్యాంకు మిత్రుడు, నవ్వుతానే.

ఆ నవ్వుకి ఆరోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నా.

టెక్నాలజీ మా ఇంటికి కొత్త చుట్టం కాదు. మా తాత లందలో పచ్చితోలు ఊనేవాడు. సున్నం ఎన్నాళ్ళుండాలో, తంగేడు చెక్క ఎంత పడాలో చేత్తో తడిమి చెప్పేవాడు. ఆయన కుట్టిన తోలు తొండంతో మోటబావి నీళ్ళు ఊరోళ్ళ చేలకి పారినాయి. దాన్ని ఎవరూ ప్రత్యేక నైపుణ్యం అనలేదు. కంపు అన్నారు.

ఇప్పుడు మా వీధికొచ్చే టెక్నాలజీ వేరే. మా అమ్మ బియ్యానికి పోతే మిషను మీద వేలు పెట్టమంటారు. నాట్లేసి, కలుపు తీసి, మిరపకాయలు కోసి అరిగిన వేళ్ళు అవి. మిషను ఒప్పుకోదు. మళ్ళీ పెట్టు, చెయ్యి కడుక్కొని పెట్టు అంటారు. చాకిరీ చేసిన చెయ్యని చెప్పే అచ్చులే లేకుండా పోయినాయి ఆమెకి. మమ్మల్ని పరీక్షించే దగ్గర టెక్నాలజీకి మేం కావాలి. దాన్ని ఎట్టా నడపాలో తేల్చే కుర్చీలో మాత్రం మేం ఉండకూడదు. ఆ కుర్చీలో అరిగిన వేళ్ళ తల్లి కన్న బిడ్డ ఒక్కడుంటే, మిషను కొనకముందే అడుగుతాడు: వేలు పడకపోతే బియ్యం ఎట్టా ఇస్తారని.

"నైపుణ్యం" పేరుతో తలుపెయ్యటం కొత్తదీ కాదు. 1992 నవంబరు 16 నాటి మండల్ తీర్పులోనే సుప్రీంకోర్టు, పరిశోధన సంస్థల్లో సాంకేతిక పోస్టులకి, వైద్యంలో సూపర్ స్పెషాలిటీలకి రిజర్వేషన్ తగకపోవచ్చు అంది. రాజ్యాంగం 16(4) అధికరణం అడిగేది జాలి కాదు, ప్రభుత్వ ఉద్యోగాల్లో చాలినంత ప్రాతినిధ్యం. ఊడ్చే పనిలో మా ప్రాతినిధ్యం ఎప్పుడూ చాలినంతే. సంతకం పెట్టే చోటే చాలదు.

దేశంలో గోల లేచింది. ప్రభుత్వంతో కలిసున్న పార్టీల వాళ్ళు కూడా కాదన్నారు. ఆగస్టు 20న మంత్రి జితేంద్ర సింగ్ ఉత్తరం రాసి ప్రకటన వెనక్కి తీసుకోమన్నాడు. వీటిని ప్రత్యేక నైపుణ్యమున్న ఏకపోస్టులుగా చూశారు గనక రిజర్వేషన్ లేకపోయిందని ఆ ఉత్తరంలోనే ఉంది. మేం టీకొట్టు దగ్గర అన్నదీ అదే గదా! మరుసటి ఆదివారం మా సాఫ్ట్‌వేర్ మిత్రుడు ఫోన్ చేసి, "రాజకీయం చేసి దేశాన్ని వెనక్కి లాగారు" అన్నాడంట. తప్పుడు లెక్క దిద్దితే దేశం వెనక్కి పోద్దా?

ప్రకటన వెనక్కి పోయింది గానీ, ఆ లెక్క వేసిన బుర్రలు ఎక్కడికీ పోలేదు. మా బళ్ళో ముందు బెంచీలో కూర్చునే మా పల్లె పిల్ల ఒకతి ఐఏఎస్ అవుతానంటది. చదువమ్మా, పరీక్ష రాయమ్మా అని చెబుతున్నా. పరీక్ష లేని దోవన ఎవరు పోతున్నారో లెక్కపెట్టటం కూడా నేర్పుతున్నా.

మిత్రులారా, నాకు ఉద్యోగం వచ్చింది నిజమే. వచ్చింది గనకే అడుగుతున్నా. ఈసారి ఎవరన్నా "ఒక్క పోస్టే గదా" అంటే, ఆ ఒకట్లన్నీ కూడి నాకు మొత్తం చెప్పండి.