బాండ్లికి లేని తేడా కూలికెందుకు?

మగోళ్లది బరువు పని, ఆడోళ్లది తేలిక పని, అందుకే కూలిలో తేడా. మా చిత్తూరు జిల్లాలో ఈ మాట అననివాళ్లు తక్కువ. మేస్త్రీ అంటాడు, ఇల్లు కట్టించుకునే టీచరు అంటాడు, చివరికి ఆ తక్కువ కూలి తీసుకునే ఆడమనిషి కూడా అంటుంది. ఇది అబద్ధం.

మిద్దె పోసే రోజు కాసేపు నిలబడి చూడండి. కుప్పం, రామకుప్పం, శాంతిపురం పల్లెల నుంచి తెల్లవారక ముందే బయల్దేరి రైలెక్కి బెంగళూరులో దిగినవాళ్లు మిక్సరు దగ్గర నుంచి పైదాకా వరసగా నిలబడతారు. ఒక మగ, ఒక ఆడ, మళ్లీ ఒక మగ. కాంక్రీటు నిండిన బాండ్లి ఆయన చేతిలోంచి ఆమె చేతికి, ఆమె చేతిలోంచి పైమెట్టు మీదున్న ఇంకొకాయన చేతికి పోతుంది. ఆమె చేతికొచ్చినంత మాత్రాన అందులో పిడికెడు కాంక్రీటైనా తగ్గదు. సాయంత్రం లెక్క కాడికొచ్చేసరికి మాత్రం ఆయనదొక రేటు, ఆమెదొక రేటు.

బరువుకే డబ్బయితే బరువు కూలి, తేలిక కూలి అని పేర్లుండాలి కదా. అడ్డా మీద అలా ఎవరూ అడగరు. మగకూలి ఎంత, ఆడకూలి ఎంత అనే అడుగుతారు. పని చూడకముందే మనిషిని చూసి ధర కట్టేశారన్నమాట. అసలు అక్కడ అందరికన్నా ఎక్కువ కూలి తాపీ పట్టిన మేస్త్రీది. తాపీ ఎంత బరువుంటుంది?

అది పనితనం అంటారు. ఒప్పుకుంటాను. మరి ఆ పనితనం ఆమెకెందుకు రాలేదు? పద్దెనిమిదేళ్ల పిల్లోడు బాండ్లి మోయడానికొచ్చి, రెండు మూడేళ్లలో మేస్త్రీ పక్కన చేరి గోడ కట్టడం నేర్చుకుంటాడు. ఆమె ఇరవై ఏళ్లయినా అదే గోడకు ఇటుకలు అందిస్తూనే ఉంటుంది. ఎన్ని నీళ్లు పోస్తే మాలు కుదురుతుందో చూపుతోనే చెప్పగలదు. తాపీ మాత్రం ఎవరూ చేతికివ్వరు. నేర్పనివాళ్లే నీకు రాదని కూలి కోయడం ఎంత అన్యాయం!

సమానంగా ఇస్తే పనులు ఆగిపోతాయన్న భయమూ ఉత్తదే. 2005 ఉపాధి హామీ చట్టం కింద జరిగిన పనిని మా జనం కరువు పని అంటారు. అక్కడ మొగుడు గడ్డపార వేస్తే పెళ్లాం తట్ట ఎత్తింది, ఇద్దరికీ ఒకే రేటు. గుంటలు తవ్వడం ఆగలేదు. ఆ మనిషే బెంగళూరులో దిగేసరికి ఆమె పనికి విలువ ఎందుకు తగ్గాలి?

సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. అచ్చంగా ఒకే పనికే కాదు, ఒకేలాంటి పనికీ అది వర్తిస్తుంది. భరించలేమన్న సాకు చెల్లదని మెకినన్ మెకంజీ కేసులో సుప్రీంకోర్టు 1987లో తేల్చింది. ఆ కేసు గెలిచినామె స్టెనోగ్రాఫరు. ఆమె ఉద్యోగానికి కాగితాలున్నాయి.

మన కూలీకి ఉన్నదల్లా మేస్త్రీ జేబులోని నోటుపుస్తకం. చాలాచోట్ల అందులో మొగుడి పేరు రాసి, పక్కన ఇద్దరు అని గీకుతారు. వారం లెక్క మొగుడి చేతికే పోతుంది. పేరే లేని మనిషి ఏ చట్టాన్ని పట్టుకుని అడగాలి? ముందు ఆ పుస్తకంలో ఆమెకు వేరే వరస కావాలి. ఆమె పేరు, ఆమె పనిచేసిన రోజులు, పక్క వరసలో ఉన్న రేటే ఆమెకూ, కింద ఆమె వేలిముద్ర. డబ్బు ఆమె చేతికి.