చెట్టుకు సెలైను

మా మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2018 ఏప్రిల్‌లో సెలైను పెట్టారు. హాస్యం కాదు. ఏడువందల యేండ్లదని చెప్పుకునే మర్రి, మూడెకరాల మేర పరచుకున్నది. చెదలు తొలిచేస్తే 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ ఒకటి కూలింది, చూడవచ్చేవాళ్ళను ఆపేశారు.

అప్పట్లో నా సంగతీ అంతే. హాజరు పిలుస్తున్నాను, పాఠం చెబుతున్నాను. లోపల అంతా డొల్ల. రాత్రి నిద్ర లేదు, తెల్లవారుతుందంటే భయం. మా ఆవిడ డాక్టరు పేరెత్తితే, "నాకేమన్నా పిచ్చా?" అని గయ్యిమన్నాను.

ఒకనాడు పత్రికలో ఆ మర్రి ఫొటో పడింది. కొమ్మలకు వరసగా సీసాలు! కాండంలో పోసిన మందు నిలవక బయటికి వచ్చేస్తుంటే, చుక్కచుక్కగా ఎక్కిస్తున్నారట. ఆవిడ పత్రిక నా ముందు పెట్టి, "ఇంత పెద్దమానుకు లేని నామోషీ మీకెందుకండీ?" అంది.

వెళ్ళాను. మూడువారాలు మాత్రలు మింగినా మార్పు లేదు. "ఆపకండి, టైము పడుతుంది" అన్నాడు డాక్టరు. ఐదోవారంలో ఒక ఉదయం కాఫీలో చక్కెర తక్కువైందని కేకలేశాను. ఆవిడ కోప్పడలేదు సరికదా, కళ్ళు తుడుచుకుంది. ఎన్నాళ్ళకో నాకు రుచి తెలిసింది మరి!

మొన్న ఇద్దరం మర్రిని చూసి వచ్చాం. గొట్టాల్లోంచి దింపిన లేత ఊడలను ఆవిడ లెక్కపెడుతూ మధ్యలో తప్పింది. మళ్ళీ మొదలుపెట్టమన్నాను. ఆదివారమేగా, తొందరేముంది!